సుంకం కోసుకున్న నలభై ఎనిమిది సెకన్లు

రోజు 1478

సోలార్ పలకలు నూట నలభై తుడిచాను. గాలి తక్కువ. నాలుగో వరస చివర ఒక పలకకి సన్నటి పగులు ఉంది, మేస్త్రికి చెప్పాను.

లాగ్‌లో ఇంతవరకే రాయాలి. ఆ కింద ఏముందో ఎవరూ చూడరు కాబట్టి మిగతాది కూడా రాస్తున్నాను.

మధ్యాహ్నం భోజనాల హాల్లో కూచున్నప్పుడు తెర మీద తీర్పు వచ్చింది. దిగుమతి సుంకం వసూలు చేసే అధికారం మా కాలనీని నడిపే కొత్తదిబ్బల బోర్డుకి ఎప్పుడూ లేదని భూమి మీద పెద్ద కోర్టు తేల్చింది. దుమ్ము తుఫాన్ల కోసం పెట్టిన చట్టాన్ని అడ్డం పెట్టుకుని మామూలు రోజుల్లో జనం సరుకులో పదోవంతు తీసుకోవడం చెల్లదట. తీసుకున్నది తిరిగి ఇచ్చేయాలట.

వెనక బల్ల నుంచి ఎవరో, "అయితే నా ఆవకాయ తెచ్చియ్యమను" అన్నారు. అందరూ నవ్వారు. పది సీసాలు తెప్పించుకుంటే ఒక సీసా బోర్డు క్యాంటీన్‌కి పోయేది. తినేసిన ఆవకాయ ఎలా తిరిగిస్తారు?

నాకు నవ్వు రాలేదు. భూమి నుంచి వచ్చే కబుర్లు కూడా దిగుమతి సరుకే అని బోర్డు అప్పట్లో రాసుకుంది. పది నిమిషాల కబురు వస్తే చివరి నిమిషం కోసి సుంకం గదిలో పెట్టేవాళ్ళు. ఆ కోసిన ముక్కని ఇక్కడ తోక అంటాం. తోకలు మీకెందుకయ్యా అంటే, కారమైనా మాటైనా పదోవంతు మా దగ్గరికి రావాల్సిందే అనేవాళ్ళు.

జనం ఊరుకుంటారా? తమ వాళ్ళందరికీ ఒకటే నేర్పారు. చెప్పాల్సింది ముందే చెప్పండి, చివర్లో చెత్త నింపండి. కొందరు అంకెలు లెక్కపెట్టించారు. మేముండే నాలుగో వరస వాళ్ళు సుంకం వాళ్ళని పోటీ పడి తిట్టించారు. భీమిలిలో ఉన్న, నేను చేసుకోవాలనుకున్న దమయంతికి నేనూ నేర్పాను. తను తిట్టేది కాదు, అంకెలూ చదివేది కాదు. విశాఖ నుంచి భీమిలి దాకా బస్సు ఆగే చోట్ల పేర్లు వరసగా చదివేదట. నేనెప్పుడూ వినలేదు. అవి తోకలో పోయేవి కదా.

తన చివరి కబురు 1170వ రోజున వచ్చింది. ఎనిమిది నిమిషాల కబురు. నాకు అందింది ఏడు నిమిషాల పన్నెండు సెకన్లు. మొదట్లోనే నవ్వుతూ, "సుంకం ఎత్తేసారంట కదా, ఇంక బస్టాపుల బాధ లేదు నాకు" అంది. అప్పటికి భూమి మీద చిన్న కోర్టు సుంకాన్ని కొట్టేసింది. బోర్డు వెంటనే పైకోర్టుకి వెళ్ళింది. అది తేలేదాకా తోకలు కోస్తూనే ఉంది. ఆ సంగతి అక్కడ ఎవరూ తనకి చెప్పినట్టు లేదు. చెత్త నింపకుండా చివరిదాకా అసలు మాటలే చెప్పింది.

నాకు వినబడిన ఆఖరి మాట, "వచ్చే ఓడకి నేను".

అక్కడ తెగింది.

రోజు 1479

పలకలు నూట ఇరవై. బ్రష్షు కుచ్చు ఊడింది.

ఓడ 1522న దిగుతుంది. ఎక్కినవాళ్ళందరూ నిద్రలో ఉంటారు, దిగేదాకా పేర్లు చెప్పరు. నా దగ్గర ఒక కాగితం ఉంది. అందులో రెండు గడులు. ఒకటి ఇద్దరుండే గది. అది గీస్తే ఇంకో రెండు ఓడలు వచ్చేదాకా నేనిక్కడే. రెండోది ఈ ఓడలోనే వెనక్కి వెళ్ళే సీటు. 1513 లోపు ఇవ్వాలి.

దమయంతి ఆ ఓడలో ఉండి నేను గది తీసుకోకపోతే తనని ఉత్తరపు గనికి పంపేస్తారు. అక్కడికి ఇక్కణ్ణుంచి దారి లేదు. తను లేకపోతే, గది తీసుకున్న నేను ఖాళీ మంచం పక్కన నాలుగేళ్ళు పడుకోవాలి.

భీమిలి ఐసు ఫ్యాక్టరీలో తను పనిచేసే చోట కబుర్ల బూత్ ఉంది. చివర తెగిపోయింది, మళ్ళీ చెప్పు అని అక్కడికి పదకొండు కబుర్లు పంపాను. ఎవరూ తీసుకోలేదని వస్తోంది.

కాబట్టి నాకా తోక కావాలి.

రోజు 1481

పలకలు నూట ముప్పై. షిఫ్టు దిగాక సుంకం ఆఫీసుకి వెళ్ళాను. కిటికీ వెనక ఓబులేశు అనే గుమాస్తా ఉన్నాడు. యాభై ఏళ్ళుంటాయి, కడప జిల్లా మనిషి. నా ముందు పద్దెనిమిది మంది ఉన్నారు. అందరికీ ఒకే మాట చెబుతున్నాడు.

"దిగుమతిదారు ఎవురో వాళ్ళకే ఇస్తాం."

"నా కబురే కదండీ. నా పేరు పెట్టి పిలిచే మాట్లాడింది" అన్నాను.

"ఎవుర్ని పిలిచింటే ఏముందబ్బా. ఫారంలో ఏ పేరుండాదో అది సూడాల." తెర నా వైపు తిప్పాడు. "నాలుగో వరస, రెండొందల పన్నెండు మంది. దిగుమతిదారు, నూకాలమ్మ. కింద నీ వేలిముద్ర."

అప్పుడు గుర్తొచ్చింది. వచ్చిన మొదటి వారంలో పార్సిళ్ళ గదిలో ఏదో కాగితం మీద అందరం వేలిముద్రలు వేశాం. విడివిడిగా పేరు పెట్టుకుంటే పార్సిలు మూడు నెలలకోసారి వస్తుంది, వరసంతా ఒకే పేరు పెడితే నెలనెలా వస్తుంది అన్నారు. పార్సిళ్ళ గది చూసేది నూకాలమ్మే, మేమంతా నూకాలప్ప అంటాం, కాబట్టి ఆమె పేరు పెట్టారు. నేను చదవలేదు. ఎనిమిదో క్లాసులో బడి మానేసినవాణ్ణి, చదవడం రాక కాదు, నిలబడి చదివే ఓపిక లేక.

"కోర్టు అలాగే చెప్పిందా?"

"కోర్టు సుంకం చెల్లదనింది. ఎవురికియ్యాల, ఎట్లియ్యాల అనేది చెప్పలా. చెప్పనప్పుడు మాకు కాగితమే దిక్కు. ఆమె వచ్చి సంతకం పెడితే అన్నీ ఒకేసారి ఇస్తాం. 1505 దాటితే లేదు."

వెనకవాళ్ళు తోస్తున్నారు. నేను కిటికీ వదల్లేదు. "మీరు వింటారంట కదా తోకలు. 1170 నాటిది ఏముందో చెప్పండి చాలు."

"కొలత సరిపోయిందా లేదా అని ఇనేవాళ్ళం. కేసు పైకోర్టుకి పోయినాంక ఇనొద్దన్యారు. అప్పటి నుంచి అన్నీ సీలేసి పెట్టినాం." నా పేరు మళ్ళీ చూశాడు. "దాలినాయుడా? బస్టాపులు చదివే పాప నీ మనిషేనా?"

నేను తలూపాను.

"రుషికొండ తర్వాత మంగమారిపేట చెప్పేస్తాది. నడుమ తిమ్మాపురం ఉండాదంట, మావాడొకడు చెప్పె. ప్రతిసారీ మర్చిపోతాది. నేను ఆ బస్సు ఎప్పుడూ ఎక్కలా. నాకు కంఠతా వచ్చేసింది."

ఆయన మంచిగానే అన్నాడు. నాకు మాత్రం ఆ కిటికీలోంచి చెయ్యి పెట్టి చొక్కా పట్టుకోవాలనిపించింది. నేను వినని దమయంతిని ఇతను మూడేళ్ళు విన్నాడు.

రోజు 1484

పలకలు తొంభై. గాలి ఎక్కువ.

నూకాలప్పకి అరవై దాటాయి. పార్సిళ్ళ గదిలో స్టూలు మీద కూచుని కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని జనాన్ని తిడుతూ ఉంటుంది. ఇవాళ తలుపు దగ్గర పదిమంది ఉన్నారు.

"నాను సంతకం ఎట్టను" అంది.

"ఏల అప్పా?"

"ఏలంటే? ఆ కాయితంలో ఏటున్నాదో సదివినావా నువ్వు? కబుర్లు ఒకటే ఇవ్వరు, సరుకు కూడా నా నెత్తినే ఏత్తారు. ఎవుడి కారం ఎంత, ఎవుడి బెల్లం ఎంత, నాకు గుర్తున్నాదేటి? ఒకడికి గుప్పెడు తక్కువైతే నన్ను పీక్కు తింతారు."

"బెల్లం నాకొద్దప్పా. ఒక్క తోక చాలు."

"నీకొక్కటే. ఈడికొక్కటే. ఆడికొక్కటే. రెండొందల మందికీ ఒక్కొక్కటే." కళ్ళజోడు దించుకుంది. "పోండెహె, నాకు పనున్నాది."

రోజు 1492

పలకలు నూట యాభై. కష్టపడి పనిచేస్తే ఆలోచన రాదనుకున్నాను. వస్తోంది.

ఎనిమిది రోజులుగా పార్సిళ్ళ గది ముందు రోజూ గొడవ. ఇవాళ ఎవరూ లేని సమయం చూసి వెళ్ళాను. ఊరికే పక్కన నిలబడి పెట్టెలు అందించాను. అరగంట అయ్యాక ఆమే అడిగింది.

"ఆ గుంట ఎవుతి?"

చెప్పాను. ఒకే బడి. నేను మానేశాను, తను చదువుకుంది. ఇక్కడికి వచ్చేముందు రేవులో మాట అనుకున్నాం. పోయిన ఓడకి రమ్మంటే ఇప్పుడు కాదంది. ఆ తర్వాత నేను మళ్ళీ నోరు విడిచి రమ్మనలేదు. కాగితం, రెండు గడులు, 1513, అన్నీ చెప్పాను.

నూకాలప్ప చేతిలో టేపు చుట్ట అలాగే పట్టుకుని వింది.

"మాయమ్మ పోయిన ఏడు పోనాది. తెలుసా నీకు?"

"తెలుసప్పా."

"ఆవిడ తోకలన్నీ ఆ గదిలో ఉన్నాయి. ఆళ్ళని తిట్టమని నానే సెప్పినాను. నోరున్న మడిసి, బాగా తిట్టుంటాది. ఇప్పుడు ఆ తోకలట్టుకొచ్చి నా సేతిలో ఎడతారు. సచ్చిపోయిన మాయమ్మ గొంతు, ఎవుడో గుమాస్తాని తిట్టిన తిట్లు. నాకదేనా మిగిలింది? ఇనకుండా ఎలా ఉండగలను, ఇని ఎలా ఉండగలను?"

పెట్టెలు అందించాను.

రోజు 1498

పలకలు అరవై. మధ్యాహ్నం షిఫ్టు ఎగ్గొట్టాను, మేస్త్రి జీతంలో పట్టుకుంటాడు.

ఓబులేశు భోజనానికి బయటికొచ్చే సమయం కనిపెట్టి పట్టుకున్నాను. పార్సిళ్ళ గది దాకా రమ్మన్నాను. ఉద్యోగం పోతాది అన్నాడు. సుంకమే పోయింది, ఇంక మీ ఉద్యోగం ఎక్కడిది అన్నాను. కొంచెం సేపు ఆలోచించి వచ్చాడు.

నూకాలప్ప అతన్ని చూసి లేవలేదు. "ఏటి, ఇంక నా ఇల్లు కూడా కోసుకెల్తావా?"

"నువ్వేనా పెద్దమ్మా నూకాలమ్మ? ముక్కాం గ్రామం, పైడమ్మ కూతురివి?"

"మాయమ్మ పేరు నీకేల?"

"ఏలంటావా?" ఓబులేశు ఆమె ఎదురుగా పెట్టె మీద కూచున్నాడు. "ఆమె కబురు వచ్చిందంటే మా ఆఫీసులో నలుగురం పని ఆపేస్తాంటిమి. రెండు నిమిషాల తోకలో తిట్టిన తిట్టు మళ్ళీ తిట్టదు. ఒకసారి నన్ను తాటిముంజకి కాళ్ళొచ్చినట్టుండావు అనింది. ఆమె నన్ను సూడలా. నేను అట్లే ఉంటా."

నూకాలప్ప అతన్ని పైనుంచి కిందికి చూసింది. నిజంగానే అలాగే ఉంటాడు.

"సుంకం పెట్టినోడి పెళ్ళికి వాన కురవాల, వాన వెలిసినాంక పెళ్ళికూతురు లేచిపోవాల అనింది ఒకనాడు. మావాడు అది గోడ మీద రాసుకున్యాడు. నాకు జ్వరమొచ్చి రెండు వారాలు పోలా. వచ్చినాంక మొదటగా ఏమడిగినానో తెలుసునా? ముక్కాం పెద్దమ్మది వచ్చిందా అని. ఆమె నోరు అట్లాటిది పెద్దమ్మా. అట్లాంటి గొంతు పెట్టెలో కుళ్ళబెట్టుకోవాల్నా నువ్వు?"

ఆమె మొదట నవ్వింది. భుజాలు కదిలేలా నవ్వింది. తర్వాత కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఓబులేశు లేచి గోడవైపు తిరిగి సరుకుల పట్టీ చదువుతున్నట్టు నిలబడ్డాడు.

"తాటిముంజ అందా?" అని మళ్ళీ అడిగింది.

"అనింది."

"ఆ కాయితం ఇలాగియ్యి."

రోజు 1509

పలకలు నూట పది.

తోకలు ఇవాళ వచ్చాయి. సరుకు గురించి బోర్డు ఇంకా తేల్చలేదు, కారానికి కారం ఇస్తారో, బదులు ఇంకేదైనా ఇస్తారో. నూకాలప్ప ఎవరి తోకలు వాళ్ళకి గుండీ అంత డబ్బీల్లో పంచింది. ప్రతి డబ్బీకీ ఒక రసీదు, అది సంతకం పెట్టి ఎల్లుండి లోపు వెనక్కి ఇవ్వాలి.

సాయంత్రం భోజనాల హాలు చూడాలి. అందరూ తమ వాళ్ళు తిట్టిన తిట్లు ఒకరికొకరు వినిపించుకున్నారు. ఎవరి మేనత్తో పాట కట్టి తిట్టింది. ఒకాయన తమ్ముడు మొహమాటస్తుడట, నిమిషంన్నర పాటు "మీరు చేసేది బాగులేదండీ" అనే అన్నాడు. నూకాలప్ప మధ్య బల్ల మీద వాళ్ళమ్మని పెట్టింది. తిట్టుకి తిట్టుకి మధ్య ఊపిరి తీసుకునే చప్పుడు వస్తే అందరం ఊపిరి బిగపట్టాం.

నావి ముప్పై ఒకటి ఉన్నాయి. నా మంచం దగ్గరికి వచ్చి వరసగా మొదటి నుంచి విన్నాను. బస్టాపులు. సాగర్‌నగర్, రుషికొండ, మంగమారిపేట. తిమ్మాపురం మర్చిపోయింది. వెనక ఐసు మిషను చప్పుడు. ఒకసారి ఎవరో పిలిస్తే "వస్తన్నా" అని మళ్ళీ మొదటి నుంచి చదివింది. ఒకసారి బాగా అలిసిపోయి ఉంది, పేరుకీ పేరుకీ మధ్య చాలాసేపు పట్టింది. ముఖ్యమైన మాటలన్నీ నా దగ్గర ముందే ఉన్నాయి. వాటిలో తను ఎప్పుడూ ఇంత దగ్గరగా లేదు.

ముప్పై దాకా విన్నాను. ముప్పై ఒకటోది రేపు.

రోజు 1510

షిఫ్టుకి ముందు విన్నాను. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"పేరు రాయించాను దాలీ. ఖాయం చెయ్యలేదు. పోయినసారి నువ్వు రమ్మన్నావు, నేనే కాదన్నాను. ఇప్పుడు నీ మనసులో ఏటున్నాదో నాకు తెలీదు. నువ్వు రమ్మంటే ఖాయం చేసెస్తాను. బలవంతం ఏటీ లేదు. ఐసు ఫ్యాక్టరీ మానేస్తన్నాను, ఇంక ఇక్కడికి కబురు పెట్టకు. తగరపువలసలో మా పిన్ని ఇంటి పక్కన బూత్ ఉన్నాది, నంబరు రాసుకో, ఏడు నాలుగు సున్నా తొమ్మిది. నెలదాకా చూస్తాను. నెలలోపు నువ్వేటీ అనకపోతే రావద్దన్నావనుకుంటాను. కోపమేటీ పెట్టుకోను. ఉంటాను మరి."

వస్తానో రానో తను చెబుతోందనుకున్నాను ఇన్నాళ్ళూ. తను నన్ను అడిగింది.

ఆ నెలలో నేను నాలుగు కబుర్లు పంపాను, నాలుగూ ఐసు ఫ్యాక్టరీకే. చివర ఏమన్నావో చెప్పు అన్నాను. బ్రష్షుల గురించి చెప్పాను. ఇక్కడ సాయంత్రం ఆకాశం నీలంగా అయిపోతుందని చెప్పాను. రా అనే మాట ఒక్కదాన్లోనూ లేదు. తను చెప్పేది ముందు వినాలి, ఆ తర్వాత అందామనుకున్నాను.

పలకలు తుడిచినవి లెక్క రాసుకోలేదు.

రోజు 1511

రసీదు ఇవ్వడానికి సుంకం ఆఫీసుకి వెళ్ళాను. ఈసారి కాగితం మొత్తం చదివాను. "తీసుకున్నదంతా పూర్తిగా తిరిగి ముట్టినది, ఇక నాకు రావలసినది ఏమీ లేదు" అని ఉంది. ఆ కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాను.

"అంతా సరిగ్గా ఉండాదా అబ్బా?" అన్నాడు ఓబులేశు.

"ఉంది. నలభై ఎనిమిది సెకన్లు. ఒక్కటీ తగ్గలేదు."

"ఏమనింది పాప?"

చెప్పాను. ఆయన కలం మూత పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. "నేను ఇని ఉంటే," అన్నాడు. "ఇనొద్దన్యారు. ఇని ఉంటే నేనే వచ్చి చెప్పి ఉందును."

సంతకం పెట్టాను. జేబులోంచి రెండు గడుల కాగితం తీసి, వెనక్కి వెళ్ళే సీటు గడి గీసి, అదీ ఆయనకే ఇచ్చాను. బోర్డు ఆఫీసు పక్క కిటికీ. ఆయనే లేచి వెళ్ళి ముద్ర వేయించుకొచ్చాడు.

కబుర్ల గదిలో జనం లేరు. ఏడు నాలుగు సున్నా తొమ్మిది నొక్కాను. పద్నాలుగు నిమిషాలకి అక్కడికి చేరుతుందని తెర మీద వచ్చింది. ఎవరు తీసుకుంటారో తెలియదు. తనకి పెళ్ళయిపోయి ఉండొచ్చు. పిన్ని ఇల్లు మారి ఉండొచ్చు. చెప్పింది ఇది.

"దమయంతీ, దాలిని. నువ్వడిగింది నిన్న పొద్దున్న నా చెవిన పడింది. సుంకం వాళ్ళ దగ్గర ఉండిపోనాది అది. మూడొందల నలభై రోజులు. నేను రమ్మందును. అప్పుడు వినుంటే అదే రోజు రమ్మందును. ఇప్పుడు రమ్మనను, ఓడెల్లిపోనాది కదా. నేనే వస్తన్నాను. ఇక్కడ పదకొండు రోజులు, దార్లో ఏడు నెలలు. దార్లో నిద్రలో ఉంటాను, కబురు పెడితే దిగేకే వింటాను. వద్దంటే దగ్గరికి రాను, దూరం నుంచే చూసి ఎల్లిపోతాను. కానీ ఒకటి. నువ్వేటీ అనకుండా ఊరుకుంటే, రావద్దన్నావని నేననుకోను."